తోటలో వేణ్నీళ్లు!

భోగి నాటి తెల్లవారుజాము. నూజివీడుకు కాస్త దూరంలో, ఆగిరిపల్లి వైపు బాబాయి మామిడి తోట. చెట్ల కింద మూడు గుడారాలు. వాటిలో హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి దిగిన పిల్లా పీచూ కలిపి పన్నెండుమంది. రాత్రంతా నెగడు చుట్టూ కబుర్లు, పాటలు, కాల్చిన చిలగడదుంపలు... అంతా బాగానే ఉంది. తెల్లారి పిన్ని నువ్వుల నూనె గిన్నె, కుంకుడుకాయల రసం పట్టుకుని వచ్చి 'ఊఁ... ఎవరు ముందు?' అనేసరికి మాత్రం అందరూ దుప్పట్లలోకి దూరిపోయారు. ఎందుకంటే వేణ్నీళ్లు లేవు!

నిజానికి ఉండాల్సిందే. మా తమ్ముడు దానికోసమే ప్రత్యేకంగా ఓ నల్ల ప్లాస్టిక్ సంచీ కొనుక్కొచ్చాడు. ఇరవై లీటర్లు పడుతుంది. కింద గొట్టం, చివర చిన్న షవర్. నీళ్లు నింపి చెట్టుకి తగిలిస్తే ఎండకి అవే కాగుతాయని ముందు రోజు మధ్యాహ్నం మా అందరికీ పాఠం చెప్పాడు. నలుగురు పట్టి దాన్ని బంగినపల్లి చెట్టు కొమ్మకి వేలాడదీశారు కూడా. తెల్లవారి గొట్టం తిప్పితే వచ్చినవి మంచు నీళ్లు!

బాబాయి నవ్వాపుకోలేకపోయాడు. 'మామిడి చెట్టు నీడ కోసం ఎండాకాలంలో ఊరూరి నుంచీ వస్తార్రా. ఆ నీడలో నీళ్లు ఎలా కాగుతాయనుకున్నావ్?' అన్నాడు.

ఆ రోజు మా స్నానాలు ఎలా అయ్యాయో తర్వాత చెబుతాను. ఈ మధ్య కార్తీక వనభోజనాలకే కాదు, సంక్రాంతికి తోటల్లో మకాం వేయడం, మారేడుమిల్లి వెళ్లి గుడారాల్లో పడుకోవడం, లంబసింగి మంచు చూడటం మన కుటుంబాలకీ అలవాటవుతోంది. వెళ్లేముందు తిండి గురించి పది ఫోన్లు చేసుకుంటాం. స్నానం సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. గుర్తున్నవాళ్లు దుకాణంలో కనిపించిన వస్తువేదో కొనేస్తారు, మా తమ్ముడిలాగా.

మనకి రెండు రోజులే... వాళ్లకి ఐదు నెలలు

మనం సరదాకి వెళ్లే తోటలో ఏటా నెలల తరబడి కాపురం ఉండేవాళ్లున్నారు. డిసెంబరు, జనవరిలో పూత మొదలైన దగ్గర్నుంచి మే చివర్లో ఆఖరి కాయ దిగేదాకా కాపలాదారు కుటుంబంతో సహా అక్కడే. తాటాకు పాక, మూడు రాళ్ల పొయ్యి, ఓ కుక్క. మా బాబాయి తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి పెట్టిన కాపలాదారు కూడా అంతే. ఆయన భార్య మా వదినతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. 'చీకట్నే పోసుకుంటామమ్మా. తెల్లారితే మందు కొట్టేవాళ్లొస్తారు, ఇంకెక్కడ పోసుకుంటాం?'

ఆ చీకట్లో, జనవరి చలిలో, ఇద్దరు చిన్నపిల్లలతో.

తోట పనికి వేణ్నీళ్లు విలాసం కాదు. కాయ కోసేటప్పుడు ముచ్చిక దగ్గర చిమ్మే సొన నూనెలాంటిది. ఒంటిమీద పడితే మండుతుంది, పుండవుతుంది. వట్టి చన్నీళ్లకి ఓ పట్టాన వదలదు. సబ్బు రాసి గోరువెచ్చని నీళ్లతో కడిగితేనే పోతుంది. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టినవాళ్లకైతే పని అవగానే స్నానం తప్పనిసరి. అయితే అప్పుడు మరీ వేడి నీళ్లు వాడకూడదు. చర్మం వేడెక్కితే ఒంటిమీదున్న మందు లోపలికి ఇంకే అవకాశం ఎక్కువ. గోరువెచ్చని నీళ్లు, దండిగా సబ్బు. విడిచిన బట్టలు వేరేగా ఉతకాలి.

అందుకే ఈ లెక్కలన్నీ రెండు రోజుల గుడారానికీ, ఐదు నెలల పాకకీ కలిపే వేసి చూశాను.

బకెట్టు లెక్క

ముందు ఓ చిన్న లెక్క. విసుక్కోకండి, దీంతోనే సగం మోసాలు తేలిపోతాయి. చలికాలం తెల్లవారుజామున తొట్టిలో నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకుందాం. ఒంటికి హాయిగా ఉండాలంటే 40 డిగ్రీలు కావాలి. ఇరవై లీటర్ల బకెట్టుని అంత వేడి చేయడానికి కావలసిన శక్తి దాదాపు అర యూనిట్ కరెంటు. గ్యాస్ పొయ్యి మీదైతే వృథా పోనూ సుమారు 60 గ్రాముల గ్యాసు. మూడు రాళ్ల పొయ్యి మీదైతే వేడి చాలామటుకు గాలికే పోతుంది కాబట్టి ముప్పావు కిలో నుంచి కిలో దాకా ఎండు కట్టెలు.

ఇప్పుడు 'కారు సిగరెట్ లైటర్‌కి తగిలిస్తే చాలు, నీళ్లు సలసలా' అనే హీటర్ల సంగతి చూడండి. ఆ సాకెట్ నుంచి తీసుకోగలిగేది మామూలుగా 120 వాట్లు. అర యూనిట్ రావాలంటే నాలుగు గంటలు పడుతుంది. ఈలోగా బ్యాటరీ ఖాళీ! 45 ఆంపియర్-అవర్ల కారు బ్యాటరీలో ఉన్న మొత్తం శక్తి ఇంచుమించు ఒక్క బకెట్టుకే సరి. స్నానం అయ్యాక కారుని పన్నెండుమందీ కలిసి తోయాల్సిందే. ఒక కప్పు టీ నీళ్లకైతే ఆ హీటరు పనికొస్తుంది, స్నానానికి కాదు.

ఇంకో మాట. బకెట్టంతా కాచాల్సిన పని లేదు. ఐదు లీటర్లు మరగబెట్టి పదిహేను లీటర్ల చన్నీళ్లలో కలిపితే ఇరవై లీటర్లూ 40 డిగ్రీలకి వస్తాయి. ఖర్చయ్యే గ్యాసు అంతే, కానీ పెద్ద గుండిగ మోసుకెళ్లే బాధ తప్పుతుంది. పిల్లలుంటే మాత్రం మరిగే నీళ్లు మోయకండి. 60 డిగ్రీల దగ్గరే దించి సగానికి సగం కలుపుకోండి. ఎప్పుడైనా సరే బకెట్టులో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడివి. మోచేతితో చూశాకే పిల్లల్ని దగ్గరికి రానివ్వాలి. 60 డిగ్రీల నీళ్లు కూడా కొన్ని సెకన్లలోనే లేత చర్మాన్ని కాల్చేస్తాయి. పొరపాటున కాలితే ఇరవై నిమిషాలపాటు మామూలు నీళ్ల ధార కింద ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పేస్టు, సిరా, పసుపు... ఏదీ పూయొద్దు.

నల్ల సంచీ నేరం లేదు

మా తమ్ముడి సంచీని తర్వాత నేనే వాడి చూశాను. పాపం, దాని తప్పేమీ లేదు. దాన్ని వాడటం మాకు రాలేదు. సంచీని నేలమీద, ఎండ బాగా పడే చోట, నల్లవైపు అడుగున, పారదర్శకంగా ఉన్న వైపు పైకి ఉండేలా పరవాలి. మోటారు షెడ్డు రేకుల మీదైతే ఇంకా మంచిది. ఉదయం పదింటికి పెడితే మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి స్నానానికి సరిపడా కాగుతాయి. ఆ తర్వాతే కొమ్మకి తగిలించాలి. అంటే ఇది సాయంత్రం స్నానానికి పనికొచ్చే వస్తువు. భోగి మంట వేళకి కాదు.

కొనేటప్పుడు ఇరవై లీటర్లది కాకుండా పది లీటర్లవి రెండు తీసుకోండి. ఇరవై లీటర్ల నీళ్లంటే ఇరవై కిలోల బరువు. తలకంటే ఎత్తుకి లేపడం ఒక్కరివల్ల కాదు. లేత కొమ్మకి తగిలిస్తే కొమ్మ విరుగుతుంది. జనవరిలో అయితే కొమ్మ ఊగి పూత రాలుతుంది, రైతు ఊరుకోడు! గొట్టం సంచీకి అతికిన చోటు, పిడి కుట్టిన చోటు... ఈ రెండింటినీ పట్టి లాగి చూడండి, ముందు పోయేవి అవే. ఆ నీళ్లు తాగకూడదు, వంటకి వాడకూడదు. ఎండకి కాగిన ప్లాస్టిక్ వాసన మొదటి వారం ఎలాగూ ఉంటుంది.

ఇక లంబసింగిలాంటి చోట్ల ఈ సంచీ దండగ. పొద్దెక్కేదాకా మంచు వీడని ఊళ్లో ఎండని నమ్ముకుని స్నానానికి సిద్ధపడితే టిఫిను, భోజనం రెండూ అయిపోతాయి.

మోటారు షెడ్డులో రాడ్డు... వద్దు!

ఆ భోగి నాడు సంచీ మోసం చేశాక మేం చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంటి నుంచి నీళ్లు కాచే రాడ్డు తెప్పించాం. మోటారు షెడ్డులో సాకెట్టు లేదు. వైరు చివర్లు ఒలిచి స్టార్టరు పెట్టె దగ్గర తగిలించాడు మాలో ఒకడు. ఇనప బకెట్టు. చుట్టూ తడి నేల. ఐదు నిమిషాల తర్వాత నీళ్లు కాగాయో లేదో చూద్దామని వేలు పెట్టబోయిన వాడికి బకెట్టు అంచు తగిలి జిల్లుమంది. కాలికి రబ్బరు చెప్పులుండబట్టి సరిపోయింది.

వ్యవసాయ మోటారుకొచ్చేది త్రీఫేజ్ కరెంటు. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులుంటాయి. ఇంట్లో వాడే రాడ్డుకి కావాల్సింది 230. ఏ రెండు వైర్లు ఎక్కడ తగిలించామో మాకే తెలీదు. చాలా షెడ్లలో సరైన ఎర్తింగు ఉండదు. ఇంట్లో ఉండే ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే క్షణంలో ఆపేసే స్విచ్చి, అక్కడ అసలే ఉండదు. కాబట్టి తోటలో రాడ్డు వాడకం మంచిది కాదు. నా మటుకు నాకు ఈ విషయంలో రాజీ లేదు.

ఊళ్లో ఇంటి దగ్గర వాడుకోవాలంటే ఐఎస్ 368 నంబరుతో ఐఎస్ఐ గుర్తున్నది, మూడు పిన్నుల ప్లగ్గున్నది కొనాలి. 1500 వాట్ల రాడ్డు బకెట్టు నీళ్లని ఇరవై నిమిషాల్లోపే కాచేస్తుంది. గీత దాకా నీళ్లలో మునగాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్లలో వేలు పెట్టాలి. స్విచ్చి ఆపితే చాలదా అంటారేమో... వైరింగు తప్పుగా ఉన్న ఇళ్లలో స్విచ్చి ఆపినా రాడ్డులో కరెంటు ఉంటుంది.

గ్యాసుతో గమ్మత్తూ ఉంది, గండమూ ఉంది

విదేశాల్లో క్యాంపింగుకి వెళ్లేవాళ్లు ఎక్కువగా వాడేది చేతిపెట్టె అంత గ్యాస్ హీటరు. చిన్న సిలిండరుకి తగిలిస్తే, నీళ్లు ఇటు నుంచి వెళ్లి అటు నుంచి వేడిగా వస్తాయి. మన దగ్గరా దొరుకుతున్నాయి. నిమిషానికి ఐదు లీటర్లిచ్చే, పది కిలోవాట్ల హీటరు నీళ్లని 25 డిగ్రీలకు పైగానే వేడెక్కించగలదు. ఐదు కిలోల సిలిండరుతో ఎనభై బకెట్ల దాకా వస్తాయి. పదిమంది ఉన్న బృందానికి దీన్ని మించిన సుఖం లేదు, ఒప్పుకుంటాను.

చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, నీళ్లు తగినంత ఒత్తిడితో రాకపోతే ఇది వెలగదు. మంచం మీద పెట్టిన డ్రమ్ము నుంచి వచ్చే ధార చాలదు. పంపు కావాలి, లేదా ఎత్తయిన ట్యాంకు. రెండోది ప్రాణాంతకం. గ్యాసు మండేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. రక్తం మోసుకెళ్లాల్సిన ఆక్సిజన్ స్థానంలో ఇది ఎక్కి కూర్చుంటుంది. తల తిరుగుతుంది, నిద్రొస్తున్నట్టు ఉంటుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. కిటికీ లేని స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్లు ప్రాణాలు తీసిన వార్తలు చలికాలంలో మనం చదువుతూనే ఉన్నాం. గుడారం ఇంకా చిన్న గది. హీటరు ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. దడి కట్టిన స్నానాల చోటుకీ బయటే పెట్టి, గొట్టం ఒక్కటే లోపలికి తెచ్చుకోవాలి. చలికి గుడారంలోకి బొగ్గుల కుంపటి తెచ్చుకోవడం కూడా అంతే ప్రమాదం.

చిన్న కుటుంబానికైతే అంత హంగు అక్కర్లేదు. ఐదు కిలోల సిలిండరు, ఒక బర్నరు, ఓ పెద్ద తపేలా, వాటితోపాటు చార్జింగ్ బ్యాటరీతో నడిచే షవర్ పంపు. బకెట్టులో పంపు ముంచి స్విచ్చి నొక్కితే నిమిషానికి రెండు, మూడు లీటర్ల ధార వస్తుంది. నీళ్లు కాచేది పొయ్యి, చల్లేది పంపు. చెంబుతో పోసుకుంటే ఇరవై లీటర్లు అయ్యేచోట దీంతో పది లీటర్లు చాలు. మా వదినకి అన్నిటికంటే నచ్చింది ఇదే. తలస్నానం చేసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయట. పంపు వేసే ముందు నీళ్లు కలిపి గోరువెచ్చగా చేసుకోవాలి. మరిగే నీళ్లలో పెడితే పంపు పాడవుతుంది.

తాతల నాటి బాయిలరు

ఇంతకీ ఆ భోగి స్నానాలు ఎలా అయ్యాయంటే... బాబాయి ఊళ్లోకి మనిషిని పంపి అటక మీదున్న రాగి బాయిలరు దింపించాడు. ఆటోలో వచ్చింది అది, చింతపండుతో తోమించుకుని పెళ్లికొడుకులా. మన పెద్దలకి బాగా తెలిసిన వస్తువే. పీపాలాంటి రాగి పాత్ర, దాని నడిమధ్య నుంచి పైకి పొగగొట్టం, అడుగున నిప్పు. నీళ్లు గొట్టం చుట్టూ ఉంటాయి. మూడు రాళ్ల పొయ్యిలో మంట గిన్నె అడుగుని తాకి పక్కలకి పోతుంది. ఇక్కడ మంట నీళ్ల మధ్యలోంచే వెళ్లాలి కాబట్టి వేడి వృథా తక్కువ. పై నుంచి చెంబెడు చన్నీళ్లు పోస్తే కింద కుళాయిలోంచి చెంబెడు వేణ్నీళ్లు వస్తాయి. కొబ్బరి డొక్కలు, తాటి మట్టలు, రాలిన మామిడి పుల్లలు... ఏదైనా దానికి మేతే.

గంటన్నరలో పన్నెండుమందీ తలంట్లు పోసుకున్నాం. వెనక్కి తిరిగి చూస్తే మాకు కావాల్సిన 'పోర్టబుల్ షవర్' అటక మీదే ఉంది. ఇప్పుడు స్టీలుతో చేసినవీ అమ్ముతున్నారు, బరువు తక్కువ. సొంత తోట ఉన్నవాళ్లకి, కాపలా పాకకి నా ఓటు దీనికే. ఒకటే జాగ్రత్త. దాన్ని కొమ్మల కింద పెట్టకండి. సెగకి పూత మాడిపోతుంది. వేసవిలో అయితే ఎండుటాకుల మీద నిప్పురవ్వ పడితే తోటకి తోటే అంటుకుంటుంది. చుట్టూ నాలుగడుగులు ఊడ్చి, తడిపి, అప్పుడు వెలిగించాలి. (ఫిలిప్పీన్స్ రైతులు పూత త్వరగా రావాలని మామిడి చెట్లకి కావాలనే పొగ వేసేవారు. పొగలోని ఎథిలీన్ వాయువు పని అది. అది వేరే కథ, మన బంగినపల్లి మీద ప్రయోగాలు చేయకండి.)

స్నానం నీళ్లు చెట్టు పాదులోకి మళ్లిస్తే పుణ్యం కదా అంటుంది పిన్ని. బాబాయి ఒప్పుకోడు. పూతకి ముందు చెట్టుని ఎండగట్టాలి, అప్పుడు నీరు తగిలితే పూతకి బదులు చిగురేస్తుందంటాడు. కాబట్టి స్నానాల చోటు చెట్లకి ఎడంగా, గట్టు పక్కన ఉండాలి.

పైసా ఖర్చు లేకుండా

బోరు నీళ్ల సంగతి మర్చిపోవద్దు. లోతు నుంచి వచ్చే నీళ్ల వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. మన కోస్తాలో ఇంచుమించు 28, 30 డిగ్రీలుంటుంది. జనవరి తెల్లవారుజామున అవే ఆవిర్లు కక్కుతున్నట్టు కనిపిస్తాయి. మోటారు నడిచే వేళ చూసుకుని ధార కింద కూర్చుంటే సగం పని అయిపోయినట్టే. కాచుకున్నా 20 నుంచి కాకుండా 28 నుంచి మొదలవుతుంది కాబట్టి కట్టెలు సగానికి కాస్త ఎక్కువైతే సరిపోతాయి. తొట్టిలో రాత్రంతా నిలవున్న నీళ్లు కాచడం తెలివితక్కువ.

రెండోది నల్ల పైపు. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పైపు మీటరుకి దాదాపు అర లీటరు పడుతుంది. నలభై మీటర్ల పైపుని చుట్టలా చుట్టి షెడ్డు రేకుల మీద పెడితే ఇరవై లీటర్ల సోలార్ హీటరు. ఏ తోటలో చూసినా పాత పైపు ముక్కలు పడే ఉంటాయి. ఇదీ సాయంత్రానికే. తెల్లవారికి కావాలంటే? పెళ్లిళ్లలో మంచినీళ్లకి పెట్టే కూల్ జగ్గు ఉంది చూడండి, చల్లదనాన్ని కాపాడేదే వేడినీ కాపాడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు 60 డిగ్రీల నీళ్లు దాంట్లో పోసి మూత బిగిస్తే తెల్లారేసరికి పిల్లలిద్దరికి చన్నీళ్లు కలిపి పోసేంత వేడి మిగిలి ఉంటుంది. మరుగుతున్న నీళ్లు మాత్రం పోయకండి, లోపలి ప్లాస్టిక్ తట్టుకోదు.

మొన్న సంక్రాంతికి వెళ్లేసరికి బాబాయి షెడ్డు మీద నల్ల పైపు చుట్ట కనిపించింది. దాని గొట్టం కాపలాదారు పాక వెనకాల కొత్తగా కట్టిన తాటాకు దడిలోకి వెళ్తోంది. దడి మనిషెత్తు కంటే పైకే ఉంది, తలుపుకి లోపలి నుంచి గడియ కూడా పెట్టించారు. 'ఇప్పుడు సాయంత్రాలే పోసుకుంటున్నామమ్మా' అంది ఆవిడ వదినతో. మార్చి దాటాక మాత్రం మధ్యాహ్నం పూట ఆ కుళాయి తిప్పగానే కింద నిలబడకూడదట. మొదటి బకెట్టు చెయ్యి కాలేంత వేడిగా వస్తోందని, దాంట్లో చన్నీళ్లు కలపందే పిల్లల్ని దడి లోపలికి రానివ్వడం లేదని చెప్పింది.